హన్మకొండలో బార్‌లో కూర్చుని వరల్డ్ కప్ ఫుట్‌బాల్ చూసే వీలుందా?

ఎక్స్‌ట్రా టైం:
అన్నలూ అక్కలూ, సూటిగా అడుగుతున్నా. జూన్ 11న వరల్డ్ కప్ మొదలు, మన లెక్కలో 12వ తారీఖు అర్ధరాత్రి దాటాక. ఈసారి 48 జట్లు, 104 మ్యాచ్‌లు, అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల్లో. ఇంట్లో ఒక్కడినే చూస్తే గోల్ పడ్డా గట్టిగా అరవలేను, నాన్న లేస్తాడు. హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడింట్లో ఎక్కడన్నా పెద్ద టీవీ పెట్టి నిండా జనంతో ఫుట్‌బాల్ వేసే బార్ ఉందా? ఐపీఎల్ కాదు, ఫుట్‌బాల్. హైదరాబాద్ పో అని మాత్రం చెప్పకండి, ఆ సంగతి నాకూ తెలుసు.

నైట్‌షిఫ్ట్ నక్కలగుట్ట:
హైదరాబాద్ పో.

నైట్‌షిఫ్ట్ నక్కలగుట్ట:
జోక్ చేశా తమ్మీ. టీవీలున్న బార్లు మస్తున్నాయి, సుబేదారి నుంచి నయీంనగర్ దాకా నడిస్తే నీకే కనపడతాయి. కానీ స్పోర్ట్స్ బార్ అని బోర్డు ఉంటే సరిపోదు, రిమోట్ ఎవరి చేతిలో ఉందో అదీ ముఖ్యం. కౌంటర్ మీద కూర్చునే ఆయనకు క్రికెట్ పిచ్చి ఉంటే 2011 ఫైనల్ రిపీట్ అయినా పెడతాడు గానీ లైవ్ ఫుట్‌బాల్ పెట్టడు.

డీప్ డిఫెన్స్:
టైమింగ్ చూసుకున్నారా అసలు? అక్కడ న్యూయార్క్‌లో మధ్యాహ్నం 12 అయితే మనకు రాత్రి 9:30. వాళ్ల 3 గంటల మ్యాచ్ మనకు 12:30. సాయంత్రం 6 మ్యాచ్ తెల్లవారుజామున 3:30, రాత్రి 9 మ్యాచ్ పొద్దున 6:30. మన దగ్గర బార్ 11కి మూయాలి, హైదరాబాద్ సిటీలో అయితే 12 దాకా ఉంటుంది, వీకెండ్‌లో ఇంకో గంట. ఫైనల్ జులై 19న న్యూజెర్సీలో, అక్కడ మధ్యాహ్నం 3కి, అంటే మనకు ఆదివారం అర్ధరాత్రి దాటాక 12:30. ఏ బార్ తెరిచి ఉంటుంది చెప్పు? 9:30 మ్యాచ్ పెట్టినా సెకండాఫ్ మధ్యలోనే లైట్లు ఆర్పేస్తారు.

ఎక్స్‌ట్రా టైం:
నిజమే కదా, ఇది నేను ఆలోచించలేదు. మరి 2022లో ఎట్ల చూశారు అందరూ?

డీప్ డిఫెన్స్:
ఖతర్ కాబట్టి. మనకూ వాళ్లకూ రెండున్నర గంటలే తేడా. ఫైనల్ రాత్రి 8:30కి మొదలైంది, అందుకే బార్లన్నీ కిటకిటలాడాయి.

సుబేదారి సెంటర్ ఫార్వర్డ్:
ఆ 2022 ఫైనల్, అర్జెంటీనా, ఫ్రాన్స్ మ్యాచ్, నేను హన్మకొండలో ఒక బార్‌లో చూశా, పేరు ఎందుకులే. డిసెంబర్ 18, ఆదివారం. ఏడున్నరకే వెళ్తే ఒక్క టేబుల్ లేదు, మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఎన్‌ఐటీ పిల్లలు, అందులో కేరళ వాళ్లు ఎక్కువ, ఆకాశనీలం చారల జెర్సీలేసుకుని గోడ పక్క మొత్తం పట్టేశారు. టేబుల్‌కు మినిమం ఇంత బిల్లు కావాలని ముందే చెప్పారు, ఆ రేట్లు విన్నాక నలుగురం ఒకే చిల్లీ చికెన్ ప్లేటు ముందు పెట్టుకుని మధ్యమధ్యలో గుడాలు అడిగి తిన్నాం.

అక్కడ రెండు టీవీలు. కుడి పక్కది డిష్ కనెక్షన్, ఎడమ పక్కది నెట్ మీద నడిచేది, అది దాదాపు అర నిమిషం లేటు. ఫస్టాఫ్‌లో ఎవరికీ పట్టింపు లేదు, 23వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ, 36లో డి మరియా గోల్, కుడి వాళ్లు అరిస్తే ఎడమ వాళ్లు ఏమైందేమైంది అంటూ ముందే లేచి నిలబడి తర్వాత అరిచారు, అంతే. 41వ నిమిషానికే ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ జిరూనీ, డెంబెలేనీ బయటికి పిలిచాడు, అప్పుడు మా వాళ్లు ఇక అయిపోయిందని ఇంకో రౌండ్ చెప్పేశారు.

80వ నిమిషంలో ఫ్రాన్స్ ఎంబాపె పెనాల్టీ. ఆ తర్వాత 97 సెకన్లకే రెండో గోల్. ఆ 97 సెకన్లలో అర నిమిషం ఎడమ టీవీ తినేసింది చూడండి, ఎడమ పక్క వాళ్లు ఇంకా పెనాల్టీ రీప్లే చూస్తూ తలలు పట్టుకుంటుంటే కుడి పక్కన ఒకడు అరిచాడు, 2-2 అని. ఎవడ్రా అబద్ధాలు చెప్పేది అని లొల్లి. వెయిటర్ పాపం బిర్యానీ ప్లేట్లు నెత్తి మీదికి ఎత్తి మధ్యలో ఇరుక్కుపోయాడు, దింపడానికి చోటు లేదు, ఆయన కూడా మెడ తిప్పి టీవీయే చూస్తున్నాడు.

ఎక్స్‌ట్రా టైం మొదలయ్యేసరికి 10:35 దాటింది. మేనేజర్ గడియారం చూస్తున్నాడు, షటర్ సగం దించేశారు. 108వ నిమిషంలో అర్జెంటీనా లౌటారో కొట్టింది ఫ్రాన్స్ గోలీ లోరిస్ ఆపితే మెస్సీ తోసేశాడు, ఫ్రాన్స్ కూండే లైన్ దాటాక బయటికి తన్నాడు, ఆఫ్‌సైడా కాదా అని అందరూ నోళ్లు మూసుకున్న రెండు క్షణాలు, తర్వాత 3-2. ఇంక అంతే, బల్లలు ఎక్కారు. టైం 11 కావస్తోంది. అదే అదను అనుకుని మేనేజర్ బిల్లులు పంచేసి, కప్ వచ్చింది కదా సార్, పోలీస్ బండి వస్తుంది సార్, దయచేసి బయటికి అని టీవీలు కట్టేశాడు. సగం మంది డాన్స్ చేసుకుంటూ బయటికి వచ్చి బైకులు తీశారు. నిజంగా గెలిచామనే అనుకున్నారు!

బయట రోడ్డు మీద ఒకడి ఫోన్ బైక్ సీటు మీద, దాని చుట్టూ ముప్పై నలభై తలలు. 118వ నిమిషం, అర్జెంటీనా మాంటియెల్ మోచేతికి బాల్ తగిలి మళ్లీ పెనాల్టీ, మళ్లీ ఎంబాపె, 3-3. బైక్ స్టార్ట్ చేసిన వాడు ఇంజన్ ఆపి దిగాడు. ఫోన్లో బ్యాటరీ ఎంతుందిరా అని అడుగుతున్నారు గానీ స్కోర్ ఎవడూ అడగట్లేదు.

వీఏఆర్ వీరుడు:
ఆ ఫ్రాన్స్ కోలో మువానీ షాట్ కూడా ఫోన్లోనే చూశారా? 120+3లో, అర్జెంటీనా గోలీ మార్టినెజ్ ఎడమ కాలు చాచి ఆపింది? ఆ ఒక్కటి కోసం పెద్ద స్క్రీన్ ఉండాలన్నా. మనిషి జీవితంలో అలాంటిది మళ్లీ వస్తదా.

సుబేదారి సెంటర్ ఫార్వర్డ్:
ఫోన్లోనే. ఆరంగుళాల స్క్రీన్, ముందు వాడి చెవి అడ్డం. గోల్ పడిందనే అనుకున్నా, నెట్ ఒక్క సెకను ఆగింది కూడా. షూటౌట్ అంతా అక్కడే, ఫ్రాన్స్ వాళ్లలో కోమాన్‌ది మార్టినెజ్ ఆపాడు, షువామెనీ బయటికి కొట్టాడు, 4-2, చివరి కిక్ అదే మాంటియెల్. చేతికి తగిలించుకున్నవాడే కప్ తెచ్చాడు. పెట్రోలింగ్ బండి వచ్చింది ఆ టైంలో, కానిస్టేబుల్ దిగి ఏందిక్కడ గుంపు అన్నాడు, స్కోర్ చెప్తే ఆయన కూడా ఐదు నిమిషాలు నిలబడ్డాడు. ఆయన కూడా అర్జెంటీనా ఫ్యానే.

హాస్టల్ గోలీ:
గోడ పక్కన ఉన్నది మేమే 😄 మా కేరళ ఫ్రెండ్‌కి అప్పటికే గొంతు పోయింది, మరుసటి రోజు వైవాలో సైగలు చేశాడు.

వీఏఆర్ వీరుడు:
మెస్సీ కొట్టిన ఆ అర్జెంటీనా మూడో గోల్ అసలు చెల్లకూడదు అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు ఇక్కడ. సబ్‌స్టిట్యూట్లు సంబరం పట్టలేక ముందే లోపలికి వచ్చారట.

డీప్ డిఫెన్స్:
రెఫరీ మార్సినియాక్ దానికి అప్పుడే జవాబు చెప్పాడు. ఫోన్ తీసి ఎంబాపె గోల్ ఫొటో చూపించాడు, అందులో బెంచీ మీద ఉండాల్సిన ఏడుగురు ఫ్రాన్స్ వాళ్లు లోపలే ఉన్నారు. ఈ సబ్జెక్ట్ మూసేయండి, మళ్లీ మొదలుపెడితే ఇది పది పేజీలు పోతుంది.

బాక్స్ టు బాక్స్:
నేను ఒకటి అడగాలి, కోప్పడకండి. మేం నలుగురం అమ్మాయిలం, అందరం మ్యాచ్‌లు చూస్తాం, ఇద్దరం కాలేజీ టీమ్‌లో ఆడాం కూడా. మేం ఎక్కడికి పోవాలి? బార్‌లో ఫ్యామిలీ సెక్షన్ అంటే ఒక ఏసీ గది, అందులో టీవీ ఉండదు, ఉన్నా పాటలు వస్తుంటాయి. బయట హాల్లో కూర్చుంటే మ్యాచ్ చూసేవాళ్ల కంటే మమ్మల్ని చూసేవాళ్లు ఎక్కువ. పోయినసారి ఒకాయన వచ్చి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నేను చెప్తానమ్మా అన్నాడు, తీరా ఆయన చెప్పిందే తప్పు. బాల్ వదిలిన క్షణంలో చూడాలి, అందుకున్న క్షణంలో కాదు. ఇది ఎవరికి చెప్పుకోను.

నైట్‌షిఫ్ట్ నక్కలగుట్ట:
అక్కా, ఆయనకు నువ్వు చెప్పాల్సింది అక్కడే.

బాక్స్ టు బాక్స్:
చెప్పాను. బిల్లు తెప్పించుకుని వెళ్లిపోయాడు.

రైల్వే క్వార్టర్స్:
పిల్లలూ, మీ మాటలు చదువుతుంటే ముచ్చటగా ఉంది. నేను కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరైన వాణ్ని. 1990లో ఇటలీ కప్పు మా క్వార్టర్స్‌లో ఎవరింట్లో టీవీ ఉంటే వాళ్లింట్లో చూశాం. మొదటి మ్యాచ్‌లోనే కామెరూన్ వాళ్లు మరడోనా జట్టును 1-0తో కొట్టారు, అదీ తొమ్మిది మందితో ముగించి. బార్ లేదు, బీరు లేదు, ఇంటి ఇల్లాలు టీ పెట్టి విసిగిపోయింది. డ్యూటీ దిగి వచ్చిన లోకో పైలట్లు యూనిఫాం కూడా మార్చకుండా కింద కూర్చునేవాళ్లు. బార్‌లో చూస్తే ఏమొస్తుంది, ఇంట్లో చూడండి.

హాస్టల్ గోలీ:
అంకుల్, ఇంట్లో చూస్తే వాళ్ల నాన్న లేస్తాడట. మొదటి పోస్ట్ చదవండి.

రైల్వే క్వార్టర్స్:
వాళ్ల నాన్నను కూడా లేపి కూర్చోబెట్టమనండి, సగం సమస్య తీరుతుంది.

కేయూ క్రాస్ బార్:
అసలు మన దగ్గర ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఎంతమంది? నాలుగేళ్లకోసారి జెర్సీ కొనుక్కుని మెస్సీ, రొనాల్డో అని కొట్టుకునేవాళ్లే అందరూ. తెలంగాణకూ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం?

రైల్వే క్వార్టర్స్:
బాబూ, ఈ మాట ఇంకెక్కడా అనకు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో కనుక్కో. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారు చేసినాయన, ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి బంగారం తెచ్చింది. తుల్సీదాస్ బలరాం మన సికింద్రాబాద్ మనిషి. సంబంధం ఏంటంటావా?

బాక్స్ టు బాక్స్:
అంత వెనక్కి పోనవసరం లేదు అంకుల్. సౌమ్య గుగులోత్ మన నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. ఇండియాకు ఆడుతోంది, క్రొయేషియాలో దినామో జాగ్రెబ్‌కు సంతకం చేసి వచ్చింది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తనదే. మా కాలేజీ టీమ్‌లో అందరికీ తెలుసు. బార్లో టేబుల్ కొట్టే వాళ్లలో ఎంతమందికి తెలుసో చెప్పండి.

కేయూ క్రాస్ బార్:
సరే అక్కా, తెలుసుకున్నా. కానీ ఒకటి, ఇండియా మ్యాచ్ అయితే బార్‌లో ఎవరూ పెట్టరు కదా, అది నిజమే కదా.

సుబేదారి సెంటర్ ఫార్వర్డ్:
అది మాత్రం నిజం. 2024 సెప్టెంబర్‌లో ఇండియా, సిరియా మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, ఇంటర్‌కాంటినెంటల్ కప్. బార్‌కు పోయి అది పెట్టు తమ్మీ అంటే, సార్ ఎవరితో ఎవరు అన్నాడు. ఇండియా అన్నా. ఇండియాకు ఇవాళ మ్యాచ్ లేదు కదా సార్, టెస్ట్ ఇంకా పది రోజులుంది అన్నాడు! చివరికి పెట్టాడు, మేం ఇద్దరమే చూశాం, 0-3 ఓడాం. పెట్టినందుకు వాడే బాధపడ్డాడు.

వీఏఆర్ వీరుడు:
అదే 2025 డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే ఊరంతా ఫుట్‌బాల్ ఫ్యాన్సే, మా మేనత్త కూడా అడిగింది ఆ పొట్టి అబ్బాయి వచ్చాడంట కదా అని. సీఎం రేవంత్ రెడ్డి కూడా బూట్లేసుకుని దిగాడు.

ఎక్స్‌ట్రా టైం:
అన్నలూ, టాపిక్ పక్కకు పోతోంది. బార్ సంగతి తేల్చండి.

డీప్ డిఫెన్స్:
నా మాట ఇది. ఈ కప్‌కు బార్ మాట మర్చిపో. ఫుట్‌బాల్‌కు బార్ నడిపేవాడికీ పెద్ద లాభం ఉండదు, అందుకే పట్టించుకోరు. క్రికెట్‌లో ఓవర్ ఓవర్‌కూ యాడ్ వస్తుంది, జనం అప్పుడు ఆర్డర్ చెప్తారు, వెయిటర్ తిరుగుతాడు, కిచెన్‌లో పని ఒక తీరుగా నడుస్తుంది. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు ఎవడూ కదలడు, వెయిటర్ స్క్రీన్ ముందు నుంచి పోతే తిడతారు, హాఫ్ టైంలో మొత్తం హాలు ఒకేసారి అరుస్తుంది, ఆ పావుగంటలో యాభై ప్లేట్లు ఏ వంటవాడు ఇస్తాడు? సెకండాఫ్ సగం అయ్యాక ప్లేటు వస్తుంది, అప్పటికి తినే మూడ్ ఉండదు. ఈసారి ఒక మార్పు ఉంది, ఎండల కోసమని ప్రతి హాఫ్ మధ్యలో 3 నిమిషాలు నీళ్ల బ్రేక్ పెట్టారు, అన్ని మ్యాచ్‌లకూ, చలిగా ఉన్నా సరే. బార్ ఓనర్ ఎవరో ఫిఫాలో ఉన్నాడని నా అనుమానం.

నైట్‌షిఫ్ట్ నక్కలగుట్ట:
ఆ బ్రేక్‌లో బీరు వస్తదంటావా? 3 నిమిషాల్లో బాత్రూం లైన్ కూడా కదలదు.

హాస్టల్ గోలీ:
నేను ఒక ఐడియా చెప్తా. అర్జెంటీనా గ్రూప్ మ్యాచ్‌లు చూడండి. అల్జీరియాతో కాన్సస్ సిటీలో, మనకు జూన్ 17 బుధవారం పొద్దున 6:30. ఆస్ట్రియాతో డల్లస్‌లో, జూన్ 22 సోమవారం రాత్రి 10:30. జోర్డాన్‌తో జూన్ 28 ఆదివారం పొద్దున 7:30. మూడింట్లో రెండు పొద్దున. అంటే బార్ కాదు, టిఫిన్ సెంటర్ కావాలి మనకు!

ఎక్స్‌ట్రా టైం:
తమ్మీ నువ్వు మేధావివి.

బాక్స్ టు బాక్స్:
ఇదైతే మేం నలుగురం కూడా వస్తాం. పొద్దున ఆరున్నరకు బయటికి పోతున్నా అంటే ఇంట్లో అడిగేవాళ్లు లేరు, వాకింగ్ అనుకుంటారు.

సుబేదారి సెంటర్ ఫార్వర్డ్:
నాకు తెలిసిన ఒక టిఫిన్ సెంటర్ ఉంది, అదాలత్ నుంచి పక్క సందులో. గోడకు 43 అంగుళాల టీవీ, పొద్దున భక్తి ఛానెల్ పెడతాడు. ఆయన్ని అడుగుతా. ఇరవై మంది వస్తాం, అందరం తింటాం, రెండు గంటలు కదలం అని ముందే చెప్పాలి, లేకపోతే ఆయన గిరాకీ దెబ్బతింటుంది, అది న్యాయం కాదు. బెంచీలు గోడ పక్కకు జరిపితే పార్సిల్ వాళ్లకు దారి ఉంటుంది.

డీప్ డిఫెన్స్:
ఒక్క టీవీయే పెట్టించు. రెండోది వద్దు, ఎవడూ ఫోన్లో కూడా చూడొద్దు. స్కోర్ ముందే అరిచినవాడు అందరి టీలకూ పైసలు కట్టాలి.

వీఏఆర్ వీరుడు:
ఆస్ట్రియా మ్యాచ్ సంగతేంది, రాత్రి 10:30?

డీప్ డిఫెన్స్:
అది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ప్రొజెక్టర్ మా దగ్గర ఉంది, తెల్ల దుప్పటి కడతాం. టికెట్ మాట ఎత్తొద్దు, డబ్బులు తీసుకుని చూపిస్తే ఫిఫా లైసెన్స్ కావాలి, మనకెందుకా తలనొప్పి. ఎవరి తిండి వాళ్లు తెచ్చుకోండి. సెకండ్ ఫ్లోర్ ఆంటీకి నేను చెప్పుకుంటా, వాళ్లబ్బాయి ఆస్ట్రియాలోనే చదువుతున్నాడు, ఆమె వాళ్ల వైపు కేకలేసినా ఎవరూ ఏమనొద్దు.

రైల్వే క్వార్టర్స్:
నేను కూడా రావచ్చా? మోకాళ్ల నొప్పి, కుర్చీ ఉండాలి.

డీప్ డిఫెన్స్:
మీకు ముందు వరుసలో కుర్చీ అంకుల్. ఫైనల్‌కు కూడా అదే సెల్లార్, 12:30కి. మర్నాడు సోమవారం, ఆఫీసులకు ఎవరేం చెప్పుకుంటారో మీ ఇష్టం.

సుబేదారి సెంటర్ ఫార్వర్డ్:
టిఫిన్ సెంటర్ ఆయనతో మాట్లాడా. సరే అన్నాడు, కానీ రెండు షరతులు. ఆరున్నరకు ఇడ్లీ, ఉప్మానే ఉంటాయి, దోశ ఏడున్నర తర్వాతే, పెనం దగ్గర మనిషి అప్పుడే వస్తాడు. భక్తి పాటలు ఆరున్నర దాకా నడుస్తాయి, కిక్‌ఆఫ్‌కు ఒక్క నిమిషం ముందు కూడా మార్చడట. జాతీయ గీతాలు మిస్ అవుతాయి, సర్దుకోవాలి.

హాస్టల్ గోలీ:
గీతాలు పోతే పోనీ. దోశ హాఫ్ టైంకు అందుతుంది, లెక్క సరిపోయింది. మా హాస్టల్ నుంచి పన్నెండు మంది, రాసుకోండి.

బాక్స్ టు బాక్స్:
మేం నలుగురం. అల్జీరియా సైడ్ కూర్చుంటాం.

ఎక్స్‌ట్రా టైం:
అల్జీరియా?? అక్కా, ఎందుకు?

బాక్స్ టు బాక్స్:
మీ అందరూ ఒకే పక్క ఉంటే గోల్ పడ్డప్పుడు ఎవరితో గొడవ పడతారు మరి.